నాయిన నంబరు

జైపాల్ తెర మీది సబ్బు లేబుల్‌ను నాలుగింతలు పెద్దది చేసి, పెదవులు కదుపుతూ పై నుంచి కిందికి చదువుతున్నాడు. పేరు. బరువు. వేసిన పదార్థాలు. తయారు చేసినవారి చిరునామా. తయారైన నెల, వాడవలసిన గడువు. లైసెన్సు నంబరు. ఆ చివరి వరుస దగ్గర మౌసు మీది వేలు ఆగింది. పక్కనే పెట్టుకున్న లైసెన్సు నకలులో అంకెలను ఒక్కొక్కటే గోటితో ముట్టి, తెర మీది అంకెతో సరిచూసుకున్నాడు. సరిపోయాయి. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ మొదటి అంకె నుంచి మొదలుపెట్టాడు.

"ఇంకెన్నిసార్లు సూస్తవు జైపాలూ? మిషను ఖాళీగున్నది," లోపలి గదిలోంచి రాయమల్లు అన్నాడు. ఆ ప్రింటింగు షాపు ఆయనది.

"ఒక్క నిమిషమన్నా."

గోదావరిఖనిలో ఒక ఇరుకు సందులో, టైర్ల దుకాణానికీ టీకొట్టుకూ నడుమ ఉన్న ఆ షాపులో జైపాల్ ఇరవై రెండేళ్లుగా అక్షరాలు కూరుస్తున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి మెడ, కుర్చీకి అలవాటుపడి వంగిన వీపు, తెరను చూసి చూసి ఎప్పుడూ తడిగా ఉండే ఎడమ కన్ను. పొద్దున రాగానే అతను చేసే మొదటి పని తడిగుడ్డతో తెర తుడవడం. రాత్రంతా ఓపెన్‌కాస్టు బొగ్గుగని నుంచి వచ్చి పడిన దుమ్ము గుడ్డకు నల్లటి చారగా అంటుకుంటుంది. ఆ చార ఒక్క రోజూ తప్పలేదు, అతనూ తప్పలేదు.

ఈ నాలుగైదేళ్లలో పెళ్లిపత్రికలు ఫోన్లలోకి పోయాయి. వాటి చోటికి ఇళ్లలో చేసే సబ్బులు, తలనూనెలు, ముఖానికి రాసుకునే క్రీములు వచ్చాయి. వాటికి లేబుళ్లు కావాలి. లైసెన్సు నకలు తెచ్చి బల్ల మీద పెడితే తప్ప జైపాల్ వాటిని ముట్టుకోడు. రెండేళ్లుగా అదే పట్టు. గిరాకీ పక్క షాపుకు పోతోందని రాయమల్లు విసుక్కున్నాడు గానీ, చెప్పినదానికి ఎదురు మాట్లాడకుండా పనిచేసే మనిషి ఈ ఒక్క విషయంలో ఎందుకింత మొండికేస్తాడో ఆయన ఏనాడూ అడగలేదు.

జైపాల్‌కు ఇంకో అలవాటు కూడా ఉంది. అది ఎవరికీ తెలియదు. ఆటో వెనకనో, గ్యాసు చీటీ మీదనో నలభై ఒకటి కనిపిస్తే, దాని పక్కన డెబ్భై మూడు ఉంటుందేమోనని చూపు తిప్పుకుంటాడు.

పదకొండింటికి కమాన్‌పూర్ నుంచి సంతోషి అనే ఆమె వచ్చింది. ముప్పై లోపు వయసు, భుజానికి గుడ్డసంచి, గోళ్ల చుట్టూ పసుపు మరక. సంచిలోంచి మూతబిగించిన చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మమ్మ చేసేదన్నా. మంజిష్ఠ, పసుపు, తేనెమైనం, కొబ్బరినూనె. మొకం మీద మంగు మచ్చలకు మంచిగ పనిచేస్తది. సెంటినరీ కాలనీల ఒక ఫ్యాన్సీ షాపాయన రెండు వందల డబ్బాలు అడుగుతున్నడు. లేబుల్ లేకుంటే పెట్టుకోనంటున్నడు."

"లైసెన్సున్నదా?"

"ఏం లైసెన్సు? ఇంట్ల చేస్తున్న."

జైపాల్ కుర్చీ ఆమె వైపు తిప్పాడు. ఈ మాటలు అతనికి నోటికొచ్చిన పాఠం లాంటివి. "ముందుగాల్ల నమూనా ల్యాబుకు పంపాలె. సీసం, పాదరసం ఎంతున్నయో చూస్తరు. క్రిములున్నయా చూస్తరు. తోలుకు పడ్తదా, మంట పుడ్తదా చూస్తరు. వంటింట్ల చేసింది అమ్మరాదు, దానికి వేరే జాగ, చదువుకున్న మనిషి ఉండాలె. గంత చెయ్యలేకుంటే లైసెన్సున్న కార్ఖానల నీ పేరు మీద చేయించుకోవచ్చు. దానికి గూడ కాయితాలుంటయి."

"నా క్రీముల పాదరసం ఎందుకుంటదన్నా?"

"ఉండకపోవచ్చు. లేదని కాయితం గావాలె."

సంతోషి ముఖం చిన్నబోయింది. కాసేపు డబ్బా మూత మీద వేలితో గీతలు గీసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "ఆ నంబరేదో నువ్వే ఎయ్యరాదన్నా. అందరు గట్లనే ఏయించుకుంటున్నరంట. గిటు చూడు, గిట్ల కావాలె నాకు." సంచిలోంచి ఇంకో డబ్బా తీసింది.

తెల్లటి డబ్బా. గులాబీ రంగు అంచు. గంధపుచెక్క మీద ఒక నక్షత్రం. కింద వంకీలు తిరిగిన అక్షరాల్లో 'చందనతార' అని ఉంది. నక్షత్రానికి కుడివైపు కొన కొంచెం పొట్టిది. అది పొట్టిదని జైపాల్‌కు చూడకముందే తెలుసు, ఎందుకంటే ఆ నక్షత్రం అతను గీసినదే. డబ్బా తిప్పాడు. లైసెన్సు నంబరు ఉండే చోట, ఎం.ఎల్. నం. 4173. తయారైన నెల దగ్గర ఈ ఏడాది ఫిబ్రవరి అని ఉంది.

కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అంకెలు మారలేదు.

"ఇది యాడిది?"

"గా ఫ్యాన్సీ షాపుదే. గిసొంటి లేబుల్ చేయించుకరమ్మని ఆయనే ఇచ్చిండు. మస్తు అమ్ముడుపోతదంట."

నాలుగేళ్ల కింద, చేతిసంచీతో ఒక వ్యాపారి ఈ షాపుకు వచ్చాడు. ఏ ఊరివాడో తెలియదు. ఐదువేల లేబుళ్లు కావాలన్నాడు. లైసెన్సు నంబరు ఏం వెయ్యాలని జైపాల్ అడిగితే, ఖాళీగా ఉంటే దుకాణాలవాళ్లు అడుగుతున్నారు, ఏదో ఒకటి వెయ్యమన్నాడు. జైపాల్ ఆలోచించను కూడా లేదు. వేళ్లకు తెలిసిన నంబరును వేళ్లే కొట్టేశాయి. అది వాళ్ల నాయిన గట్టయ్య నంబరు.

గట్టయ్య ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండులో బొగ్గు నింపాడు. దిగేటప్పుడు నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ల్యాంపు రూములో ఇచ్చి లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బిళ్ల మేకుకు వేలాడుతున్నంతసేపు మనిషి భూమి లోపల ఉన్నట్టు. జైపాల్‌కు నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం షిఫ్టు దిగి అందరూ వచ్చారు, నాయిన రాలేదు. పన్నెండేళ్ల అక్క సారలమ్మ అతన్ని చంకనేసుకుని ల్యాంపు రూము కిటికీ దగ్గర నిలబడింది. మేకులన్నీ ఖాళీ అయినా 4173 మాత్రం వేలాడుతూనే ఉంది. రెండు గంటలు అలాగే నిలబడ్డారు. చివరికి నాయిన ఏమీ జరగనట్టు ఈల వేసుకుంటూ పైకి వచ్చాడు. మర్నాడు అక్క బొగ్గుముక్కతో క్వార్టరు గోడ మీద ఆ నాలుగంకెలు రాసి తమ్ముడితో దిద్దించింది. జైపాల్ నేర్చుకున్న మొదటి రాత అదే. మూడో తరగతితో చదువు ఆగిపోయిన సారలమ్మ ఆ తర్వాత ఏం మరిచిపోయినా ఆ నంబరు మరిచిపోలేదు.

రెండేళ్ల కింద ఆమె ముఖం ఉబ్బింది. కాళ్లు నొక్కితే గుంటలు పడ్డాయి. పెద్ద దవాఖానలో డాక్టరు ఆమె వాడేవన్నీ తెమ్మంటే, జైపాల్ ఒక సంచిలో పోసి తీసుకెళ్లాడు. బీపీ గోలీలు, తలనొప్పి మందు, పళ్లపొడి, వాటి నడుమ ఒక చందనతార డబ్బా. పరీక్ష చేయిస్తే, పదిలక్షల పాళ్లలో ఒక్క పాలు మించకూడని పాదరసం అందులో పదకొండు వేల పాళ్లు ఉంది. బీపీ కూడా కలిసి కిడ్నీలను దెబ్బతీసిందని డాక్టరు అన్నాడు. ఆ క్రీము నకిలీ సరుకు అయి ఉండొచ్చని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట సారలమ్మ పట్టుకుంది.

"మొకం మీద మంగు పోతదని కొన్న తమ్మీ. నాయిన నంబరున్నది చూసినవా? గందుకే నమ్మిన. అసలుది మంచిదే ఉంటది, నాకే దొంగది దొరికింది," అంది మంచం మీంచి.

జైపాల్ ఆ రోజు నోరు తెరవలేదు. ఆ రోజు రాని మాట రెండేళ్లయినా రాలేదు. ఐదువేల డబ్బాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయని, ఇక చెప్పి చేసేదేమిటని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అయినా మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు జరిగి షాపు అద్దాలు అదిరినప్పుడల్లా, అద్దం అవతల, ఎప్పుడో పోయిన నాయిన నిలబడి ఉన్నట్టు అనిపించేది. బొగ్గు పట్టిన ముఖంలో తెల్లటి కళ్లు, చాచిన అరచెయ్యి. బిళ్ల ఇమ్మని అడుగుతున్నట్టు. టైర్ల దుకాణంవాడు గుమ్మం ముందు నుంచి నడిచి పోయేదాకా ఆ ఆకారం కదిలేది కాదు.

ఇప్పుడు ఎవరో, ఏ ఊళ్లోనో, అతని లేబుల్‌నే చూసి మళ్లీ మళ్లీ అచ్చువేస్తున్నారు. పొట్టికొన నక్షత్రంతో సహా.

"ఏమైందన్నా?" సంతోషి అడుగుతోంది.

"ఇది లైసెన్సు నంబరు కాదమ్మా. ఊరికెనే వేసింది. వేసింది నేనే." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దీన్ని రాసుకుని మా అక్క కిడ్నీలు పోయినయి. వారానికి మూడు మాట్లు రక్తం కడుగుతున్నరు."

సంతోషి బల్ల మీది తన డబ్బాను మెల్లగా వెనక్కి తీసుకుంది. "నేను ముందు నా మొకానికి రాసుకున్నంకనే బయటోళ్లకు ఇచ్చిన," అంది ఎవరో నిలదీసినట్టు.

"నువ్వు మంచిగనే చేసినవేమో. పరీక్ష చేయించు. ల్యాబు పేరు రాసిస్త." ఒక పాత పెళ్లిపత్రిక వెనక రాసి ఇచ్చాడు. "ఈ డబ్బా నాకాడ ఉండనియ్యి."

ఆమె తలూపి వెళ్లిపోయింది. రాయమల్లు లోపలి గది గుమ్మంలోకి వచ్చి ఎప్పటి నుంచి నిలబడ్డాడో. "నాలుగేండ్ల కిందటి ముచ్చట. ఊకో జైపాలూ. షాపు పేరొస్తది," అన్నాడు.

"కొట్టింది నేనన్నా. నా పేరే చెప్త." జైపాల్ తెర ఆపి, టిఫిను డబ్బా అందుకున్నాడు.

దవాఖానలో రక్తం శుద్ధిచేసే వార్డు రెండో అంతస్తులో ఉంది. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. కిటికీ వైపు మంచం మీద సారలమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఎడమచేతి మీద రక్తనాళం తాడులా ఉబ్బి, అందులోంచి రెండు గొట్టాలు మిషనులోకి పోతున్నాయి. యాభై ఆరేళ్లకే ఆమె ముఖం ఎండిన తుమ్మబెరడులా అయింది. మంగు మచ్చలు ఎక్కడున్నాయో ఇప్పుడు వెతికినా దొరకవు, ముఖమంతా అదే రంగు. భర్త పోయాక ఆమె కూతురు మమత దగ్గర, అల్లుడికి గని కంపెనీ ఇచ్చిన క్వార్టరులో ఉంటోంది. సెంటినరీ కాలనీ నుంచి మమతే తీసుకొస్తుంది, మధ్యాహ్నం జైపాల్ ఉప్పు తగ్గించిన అన్నం తెస్తాడు.

సారలమ్మ కుడిచేత్తో నాలుగు ముద్దలు తిని చాలంది. మమత డబ్బా మూత పెట్టింది.

"అక్కా," అంటూ జైపాల్ క్రీము డబ్బా తీసి దుప్పటి మీద పెట్టాడు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, బొటనవేలితో నంబరు దగ్గర రాసింది. "గిది అసలుదేనా?"

"అసలుది అనేదే లేదక్కా."

ఆమె అర్థం కానట్టు చూసింది. జైపాల్ మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"ఆ నంబరు సర్కారు ఇచ్చింది కాదు. నేనేసిన. ఏదో ఒకటి ఎయ్యమంటే నాయినది ఏసిన. డాక్టరు నకిలీది అన్ననాడే నీకు చెప్పాల్సింది. చెప్పలే."

మమత స్టూలు మీంచి లేచింది. మిషనులో చక్రం తిరుగుతూనే ఉంది. సారలమ్మ తమ్ముడిని చూడలేదు. డబ్బానే చూస్తోంది. దాన్ని దుప్పటి మీద పెట్టి అంది, "లతీఫక్కకు నేనిచ్చిన."

"ఏందక్కా?"

"మొన్న ఉగాదికి. ఆమె చెంపల మీద మచ్చలొచ్చినయని, ఫ్యాన్సీ షాపుల నేనే కొనిచ్చిన. నాకు దొంగది దొరికింది గని గిది అసలుదని చెప్పిన. మా నాయిన నంబరున్నది, ఫికరు చెయ్యకుమని చెప్పిన."

లతీఫున్నీసా వాళ్ల పక్క క్వార్టరులో ఉంటుంది. సారలమ్మకు నడవలేని రోజున వంట చేసిపెట్టేది ఆమే. జైపాల్ రెండేళ్లు తను దాచుకున్నది తన ఒక్కడిదేనని అనుకున్నాడు. అది అక్క చేతుల్లోంచి ఇంకో ఇంటికి పోయింది.

"మమతా, ఫోను చెయ్యి," అంది సారలమ్మ. "ఆ క్రీము మళ్ల ముట్టొద్దను. పారెయ్యొద్దు, మూతవెట్టి పక్కకు పెట్టమను. కాళ్లు ఉబ్బుతున్నయా అడుగు."

మమత మాట్లాడి ఫోను చెవి నుంచి తీసింది. "మడిమల కాడ కొంచం వాపున్నదట. నిలవడి పనిచేస్తున్న గదా, గందుకేమో అనుకున్నదట."

"రేపు పొద్దుగాల నేనే దవాఖానకు తోల్కొస్తనని చెప్పు."

అప్పుడు తల తిప్పి తమ్ముడిని చూసింది. కోపంగా లేదు. ముఖం తెలియని మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. "రెండేండ్లు నాకు బువ్వ తెచ్చిపెట్టినవు. గీ మాట ఎట్ల కడుపుల పెట్టుకున్నవురా?"

అతను కమ్మీ మీంచి చెయ్యి తీశాడు.

"గిసొంటివి పట్టేటోళ్ల ఆఫీసు ఏడున్నది?"

"పెద్దపల్లిల."

"పో మరి. బస్సుంటది." ఆమె కిటికీ వైపు తిరిగింది. అతను గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి అంది, "గా డబ్బా మర్చిపోతున్నవు. తీస్కపో."

అతను వెనక్కి వచ్చి డబ్బా తీసుకున్నాడు. ఆమె తల తిప్పలేదు.

పెద్దపల్లి ఆఫీసులో సంధ్యారాణి అనే డ్రగ్ ఇన్‌స్పెక్టరు అతని మాట చివరిదాకా విన్నది. డబ్బాను కాగితంలో చుట్టించి, తాడు కట్టించి, లక్క కరిగించి ముద్ర వేయించింది. ఒక తెల్లకాగితం అతని ముందుకు జరిపి, జరిగింది జరిగినట్టు రాయమంది.

"లేబుల్ వేసినందుకు మీ మీద కూడా కేసు ఉంటుంది. తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"మీరు రాకపోతే మాకు తెలిసేది కూడా కాదు. ఇప్పుడెందుకు వచ్చారు?"

జైపాల్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "ఇంక రాసుకునేటోళ్లు ఉన్నరు మేడం," అన్నాడు.

ఇరవై రెండేళ్లు ఊరందరి పేర్లూ అందంగా కూర్చిన మనిషికి తన చేతిరాత ఇంత వంకరగా ఉంటుందని అప్పుడే తెలిసింది. పేజీన్నర రాశాడు. నాయిన నంబరు గురించి రాయవలసిన చోట 'ఊహించి వేసిన నంబరు' అని రాసి, కొట్టేసి, ఉన్నదున్నట్టు రాశాడు. సంతకం పెట్టాడు. రేపు పొద్దున సెంటినరీ కాలనీలోని ఫ్యాన్సీ షాపును తనిఖీ చేస్తామని ఆమె చెప్పింది.

బస్టాండులో గోదావరిఖని బస్సు ఎక్కుతుండగా మమత ఫోను చేసింది.

"మామా," అంది. "అమ్మ పోయింది."

ఆ మధ్యాహ్నం దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చాక సారలమ్మ పడుకోనంది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని లతీఫున్నీసాను పిలిపించింది. తను చేతులారా కొనిచ్చిన డబ్బా ఎందుకు ముట్టకూడదో తనే చెప్పింది. తమ్ముడి సంగతీ దాచలేదు. రేపు ఎన్ని గంటలకు బయలుదేరాలో ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండగానే ఆమె తల కుర్చీ వీపుకు వాలింది. అలిసిపోయి కునుకు పట్టిందనుకుని లతీఫున్నీసా గొంతు తగ్గించి ఇంకా కొంచెంసేపు మాట్లాడిందట.

జైపాల్ సెంటినరీ కాలనీ చేరేసరికి పొద్దు గుంకుతోంది. క్వార్టరు ముందు కుర్చీలు వేశారు. సెకండు షిఫ్టుకు పోయిన అల్లుడికి కబురు వెళ్లింది. ముందుగదిలో సారలమ్మను చాప మీద పడుకోబెట్టారు. ముఖంలో వాపు దిగి, ఎముకలు తేలి, ఆమెలో నాయిన పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. జైపాల్ గోడవారగా కూలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు.

కాళ్ల దగ్గర కూర్చున్న లతీఫున్నీసా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తమ్ముడు బస్సెక్కిండో లేదో అన్నది. గంతే అన్నది," అంది అతని వైపు చూడకుండానే.

క్రీము మానేశాక లతీఫున్నీసా కాళ్ల వాపు తగ్గిందని, ఫ్యాన్సీ షాపులో పట్టుకున్న డబ్బాల కేసులో నిందితుల వరుసలో తన పేరు మూడోదిగా ఉందని అతనికి తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం అతనికి ఏదీ తెలియదు. లోపల ఆడవాళ్లు పసుపునీళ్లు కలుపుతుంటే, అడ్డంగా ఉన్న కుర్చీ తీయడానికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

కిటికీలో అరలీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంది. కిడ్నీలు పోయాక డాక్టరు రోజు మొత్తానికి ఆమెను తాగనిచ్చిన నీళ్లు అవే. ఒక్కసారి తాగేసి మళ్లీ అడగకుండా, సీసాకు పై నుంచి కిందికి పెన్నుతో గీతలు గీసి, పక్కన ఏ గంటకు ఎంతో రాసిపెట్టుకుంది. నాలుగింటి గీత దాకానే తాగింది. రాత్రికని దాచుకున్న నీళ్లు, రెండు గుటకలంత, సీసా అడుగున అలాగే ఉన్నాయి.